కోడంబాక్కమున జూమ్ లెన్సు: ఖరీదు, ప్రయోజనముల చరిత్ర

ఉపోద్ఘాతము

తెలుగు చలనచిత్ర చరిత్రను వ్రాసినవారు నటీనటులను, దర్శకులను, గాయకులను గూర్చి విరివిగా వ్రాసియున్నారు. ఛాయాగ్రాహకులను గూర్చి కొంత వ్రాసిరి. ఛాయాగ్రాహకుని కంటికిని నటుని ముఖమునకును నడుమ నిలిచిన గాజును గూర్చి వ్రాసినవారు మాత్రము అరుదు. చిత్రము చూచువానికి లెన్సు కనబడదు. కాని వాడు చూచిన ప్రతి దృశ్యమును ఆ లెన్సు నుండియే వచ్చినది. అది ఎవరు కొనిరి, ఎంతకు కొనిరి, కొనలేనివారు ఏమి చేసిరి అను ప్రశ్నలు మన పరిశ్రమ చరిత్రలో చిన్నవి కావు.

ఈ ప్రశ్నలకు నేడు కొత్త అవసరము కలిగినది. వీడియో చిత్రీకరణము ఇంటింటి వృత్తియైన ఈ కాలమున, సినిమా పనికి తగిన జూమ్ లెన్సును తక్కువ ధరకు సంపాదించుట ఎట్లు అని అనేకులు ఆలోచించుచున్నారు. కోడంబాక్కపు గత చరిత్రను పరిశీలించినచో దీనికి తగిన సమాధానమే లభించుచున్నది. ఆ సమాధానము సంగ్రహముగా ఇది: లెన్సు ఖరీదు దాని బిల్లుపై వ్రాసిన అంకె కాదు. ఆ లెన్సు కోరు వెలుతురు, అది మిగిల్చు కాలము, అది తెచ్చిపెట్టు అప్పు, ఈ మూడును కలిసినదే దాని నిజమైన ఖరీదు. ఈ విషయమును కాలక్రమమున నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

యంత్రమునకై అప్పు: తొలి దశ

చెన్నపురిలో తెలుగువారి చలనచిత్ర వ్యవసాయము ఒక ఫోటో స్టూడియోలో పుట్టినది. మచిలీపట్టణము నుండి వచ్చిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు (1869–1941) మొదట ఛాయాచిత్రములు తీయుచు జీవించిరి. తరువాత తన స్టూడియో సామగ్రిని తాకట్టు పెట్టి, శబ్దముతో కూడిన బొమ్మలను చూపు క్రోనోమెగాఫోను యంత్రమును తెప్పించిరి. ఆయన కుమారుడు రఘుపతి ప్రకాశ్ ఇంగ్లండునకు పోయి చిత్రనిర్మాణము నేర్చి, కెమెరాతో తిరిగి వచ్చి, 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ చిత్రమును తీసెను. తండ్రి చివరి దినములలో ఆర్థికముగా చితికిపోయెనన్నది పలువురు ఎరిగిన సంగతియే. అప్పు చేసి యంత్రము కొనుట అను సాహసము మన పరిశ్రమకు పుట్టుకతోనే వచ్చినదని దీనివలన తెలియుచున్నది.

టాకీలు వచ్చిన తొలినాళ్ళలో తెలుగు చిత్రములు బొంబాయి, కలకత్తా, కొల్హాపురములకు పోయి తీయబడినవి. 1934లో వేల్ పిక్చర్స్ వారి ‘సీతాకళ్యాణము’ మదరాసులోనే తయారయ్యెను. అక్కడ పనిచేసిన కె. రామనాథ్ తరువాత వాహినీ వారి తొలి చిత్రమైన ‘వందేమాతరము’నకు (1939) ఛాయాగ్రాహకుడయ్యెను. అప్పటికి కోడంబాక్కము ఇంకను తోటలతో, పొలములతో నిండిన ఊరివెలుపలి ప్రదేశమే.

స్టూడియోల కాలము: లెన్సు ఫ్లోరుతోపాటు

1940ల ఉత్తరార్ధమున కోడంబాక్కము, వడపళని ప్రాంతముల రూపము మారినది. అనంతపురము జిల్లావాసియగు మూలా నారాయణస్వామి, కడప జిల్లాకు చెందిన బి.ఎన్. రెడ్డిగారు వాహినీ స్టూడియోను నెలకొల్పిరి. 1948లో ఏ.వి. మెయ్యప్పన్ తన స్టూడియోను కారైక్కుడి నుండి ఇచ్చటికి తరలించెను. 1950 నుండి వాహినీ నిర్వహణము నాగిరెడ్డి, చక్రపాణిగార్ల చేతికి వచ్చి, విజయా–వాహినీ అను జంటపేరు ప్రసిద్ధికెక్కెను. సాలిగ్రామమున రామకృష్ణ, భానుమతి దంపతుల భరణీ స్టూడియో వెలసినది. 1960లలో ఎల్.వి. ప్రసాద్‌గారి స్టూడియో తోడయ్యెను.

ఈ స్టూడియోల కాలమున నిర్మాత లెన్సు కొనవలసిన అవసరమే లేదు. ఫ్లోరు, లైట్లు, కెమెరా, లెన్సులు, పనివారు, అన్నియు కలిపి స్టూడియో అద్దెకిచ్చెడిది. చిన్న నిర్మాతయైనను ఒక కాల్షీటు అద్దె కట్టినచో, పెద్ద సంస్థ వాడిన కెమెరాతోనే తన చిత్రమును తీయగలిగెడివాడు. పెట్టుబడి ఒకరిది, ప్రయోజనము అందరిది. సరసమైన ధరకు మంచి లెన్సు లభించుటకు ఆనాడు కోడంబాక్కము కనుగొన్న మార్గమిది.

ఆనాటి మిచెల్ కెమెరా ముఖమునందు ఒక చక్రముండెడిది. దానిపై నాలుగు లెన్సులు బిగించెడివారు. పనివారు వీనిని నేటికిని బ్లాకు లెన్సులనియే పిలుతురు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్థిరమైన నాభ్యంతరము. 25, 35, 50, 75 మిల్లీమీటర్లు మొదలగునవి. దృశ్యము పెద్దది కావలెనన్న చక్రమును త్రిప్పి వేరొక లెన్సును ముందుకు తేవలెను. లేదా కెమెరానే ట్రాలీపై ముందుకు నడపవలెను.

ఈ బ్లాకు లెన్సులతోనే మార్కస్ బార్ట్లే ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజారు’ (1957) చిత్రములను తీసెను. మాయాబజారులోని నౌకావిహారపు వెన్నెల నేటికిని ఛాయాగ్రాహకుల నోట నానుచున్నది. 1961లో ‘సీతారామ కళ్యాణము’ చిత్రమున రవికాంత్ నగాయిచ్ పదితలల రావణుని చూపినదియు ఇట్టి సామగ్రితోనే. ఒకే ఫిలిమును పలుమార్లు నడపి, ప్రతిసారియు కొంత భాగమును మూసియుంచి ఆయన అట్టి వింతలను సాధించెను. జూమ్ లేకపోవుట వారి కళకు లోపము కాలేదని గ్రహింపవలెను. కాని కాలము మాత్రము చాల పట్టెడిది. పట్టాలు పరచుట, నేలను సమము చేయుట, ట్రాలీ నెట్టువానికి అభ్యాసము చేయించుట, అడుగడుగునకు ఫోకస్ గుర్తులు పెట్టుట, ఇవన్నియు ముగియునప్పటికి పూటలో అధికభాగము గడచెడిది.

జూమ్ లెన్సు స్వరూపము

జూమ్ లెన్సు అనగా నాభ్యంతరమును నిరంతరముగా మార్చుకొనగల లెన్సు. దానిలో నాలుగు గాజు సముదాయములు ఉండును. ముందున్నది ఫోకస్ కొరకు. రెండవది వెనుకకు ముందుకు జరిగి బొమ్మ పరిమాణమును మార్చును. అట్లు మారునప్పుడు ఫోకస్ తప్పకుండ మూడవది దానితో సమన్వయముగా కదలును. నాలుగవది కదలక నిలిచి, ఫిలిముపై బొమ్మను ఏర్పరచును. రెండవ, మూడవ సముదాయముల కదలికను నడపు గాడి ఎంత నిర్దుష్టముగా కోయబడినదో లెన్సు అంత మంచిది. జూమ్ ఖరీదంతయు ఆ గాడిలోనే ఉన్నదన్నను పెద్ద అతిశయోక్తి కాదు.

ఇది హఠాత్తుగా పుట్టిన వస్తువు కాదు. 1927 నాటి ‘ఇట్’ అను హాలీవుడ్ చిత్రమున జూమ్ దృశ్యము కలదు. 1932లో ఇంగ్లండులోని టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ వారి 40–120 మిల్లీమీటర్ల కుక్ వేరో లెన్సు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఫ్రాంక్ బ్యాక్ నిర్మించిన జూమర్ లెన్సు అమెరికాలో టెలివిజనుకు ఉపకరించెను. ఫ్రాన్సులో బెర్తియో సంస్థ పాన్ సినార్‌ను తెచ్చెను. సినిమావారికి దీనిని నిత్యోపయోగ వస్తువుగా చేసినవాడు పియేర్ ఆంజన్యూ. 1935లో తన సంస్థను స్థాపించిన ఆయన, 1960ల ఆరంభమునకు పదిరెట్ల జూమ్‌ను సిద్ధము చేసెను. 16 మిల్లీమీటర్ల ఫిలిమునకు 12–120, 35 మిల్లీమీటర్ల ఫిలిమునకు 25–250. దీనికే 1964వ సంవత్సరపు ఆస్కారు సాంకేతిక పురస్కారము లభించెను. 1971లో కుక్ వారి 20–100 వేరోటాల్ దానికి పోటీగా వచ్చెను.

లెన్సొక్కటియే చాలదు. జూమ్ చేయునప్పుడు దృశ్యము ఎట్లు మారుచున్నదో కెమెరామన్ తన కంటితో చూడగలుగవలెను. పాత మిచెల్‌లో చిత్రీకరణము సాగునప్పుడు లెన్సుగుండ చూచు వీలు లేదు. ప్రక్కన అమర్చిన వేరొక దర్శినిగుండ చూడవలెను. 1937లో జర్మనీలో వెలువడిన ఆరిఫ్లెక్స్ కెమెరా షట్టరుకు అద్దము అమర్చి, లెన్సు చూచినదానినే కన్నును చూచునట్లు చేసెను. కావున ఆరిఫ్లెక్స్ వ్యాపించిన తరువాతనే జూమ్ వ్యాపించుట సహజము.

ట్రాలీకిని జూమ్‌కును భేదము సామాన్యమైనది కాదు. ట్రాలీలో మనము నడచి పోవుదుము: దారిలోని స్తంభములు ప్రక్కలకు తొలగును, వెనుకనున్న గోడ మెల్లగా దగ్గరకు వచ్చును. జూమ్‌లో మనము నిలిచియే ఉందుము: ముందు వెనుకలనున్నవన్నియు ఒక్క తీరున పెద్దవగును. ఒకటి గమనము, రెండవది దృష్టి సారించుట. 1964 నాటి ‘చారులత’లో సత్యజిత్ రాయ్ ఈ భేదమును ఎరిగియే, చేతి దూరదర్శినితో లోకమును చూచు స్త్రీ మనఃస్థితికి జూమ్‌ను అనుసంధించెను. అట్టి ప్రయోగము చేసినవానికి జూమ్ ట్రాలీకి చవుకయగు బదులు కాదు, వేరొక మాట.

కోడంబాక్కమునకు జూమ్ రాక: వెలుతురు ఖరీదు

1960ల ఉత్తరార్ధమునుండి 1970లలో దక్షిణాది చిత్రములందు జూమ్ వాడుక విస్తరించెను. ఆ కాలమే రంగుల చిత్రములు పెరిగిన కాలము కూడ. ఇచ్చటనే ఒక చిక్కు కలదు.

1962లో వచ్చిన ఈస్ట్‌మన్ రంగు నెగటివు వేగము 50. నేటి డిజిటల్ కెమెరా సాధారణముగా 800 వద్ద పనిచేయును. అనగా పదునారు రెట్లు. అంత మందమైన ఫిలిమునకు ఆంజన్యూ 25–250 వంటి జూమ్‌ను తగిలించిరి. దాని టి-స్టాపు 4కు సమీపము. టి-స్టాపు అనగా లెన్సు నిజముగా లోనికి పంపు వెలుతురు లెక్క. అంకె రెట్టింపైనచో వెలుతురు నాలుగవ వంతగును. టి 2 బ్లాకు లెన్సుతో తీయదగిన దృశ్యమును టి 4 జూమ్‌తో తీయవలెనన్న నాలుగు రెట్ల వెలుతురు కావలెను. నాలుగు రెట్ల లైట్లు, వానికి తగిన జెనరేటరు, మోయుటకు లైట్‌మెన్, సెట్టులో వేడిమి, కరగిపోవు మేకప్పు, ఇవన్నియు లెన్సు ఖరీదులోనివే. బిల్లుపై మాత్రము ఇవి కనబడవు.

విదేశీ మారకద్రవ్యము మరియొక ఇబ్బంది. యంత్రసామగ్రి దిగుమతికి లైసెన్సు కావలసిన దినములవి. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గింపబడినది. డాలరుకు 4 రూపాయల 76 పైసలున్నది 7 రూపాయల 50 పైసలయ్యెను. వెయ్యి డాలర్ల లెన్సు 4,760 రూపాయలనుండి రాత్రికి రాత్రి 7,500 రూపాయలకు పెరిగెను. లెన్సు మారలేదు, దాని గాజు మారలేదు. కొనువాని స్థితి మారినది.

అయినను కోడంబాక్కము జూమ్‌ను విడువలేదు. కారణము కాలము. స్టూడియోలో పూటకింత అని లెక్క. నటుల కాల్షీట్లు లెక్క. ఒకే చోట కెమెరాను నిలిపి లాంగ్ షాటు, మిడ్ షాటు, క్లోజప్ వరుసగా తీయగలిగినచో లెన్సు మార్చు సమయము, పట్టాలు పరచు సమయము మిగులును. అందువలన వెలుతురునకై చేసిన వ్యయము కాలమునందు తిరిగి వచ్చెను. ఈ లెక్క సరిపడిన చోట జూమ్ చవుక. సరిపడని చోట ఖరీదు. అనుభవజ్ఞులగు కెమెరామన్లు రాత్రి దృశ్యమునకు బ్లాకు లెన్సును, పగటి ఆరుబయలు దృశ్యమునకు జూమ్‌ను వాడుటలోని రహస్యమిదియే.

ఇదే లెక్క దురుపయోగమునకును దారితీసెను. ఆశ్చర్యము కలిగినప్పుడెల్ల ముఖముపైకి దూకు జూమ్, తిరిగి వెనుకకు దూకు జూమ్ 1970ల చిత్రములను చూచినవారికి సుపరిచితములు. పట్టాలు పరచు ఓపిక లేనప్పుడు జూమ్ సోమరితనమునకు ఆశ్రయమగునని విమర్శకులు అన్నమాటలో సత్యము లేకపోలేదు.

స్టూడియో గోడలు దాటి

1970లలో చిత్రీకరణము స్టూడియో దాటి ఊళ్ళకు, ఇళ్ళకు పోయెను. బాపు–రమణల ‘ముత్యాల ముగ్గు’ (1975)నకు ఇషాన్ ఆర్య చేసిన ఛాయాగ్రహణము ఆ సంవత్సరపు జాతీయ పురస్కారమును పొందెను. బాలచందర్ ‘మరోచరిత్ర’ (1978)ను బి.ఎస్. లోకనాథ్ విశాఖపట్టణమున నలుపు తెలుపులలో చిత్రీకరించెను. పెద్ద బడ్జెట్టు లేకపోవుట మంచి ఛాయాగ్రహణమునకు అడ్డు కాదని ఇవి రుజువు చేసినవి.

దీనికి భిన్నమైన ఉదాహరణము ‘అల్లూరి సీతారామరాజు’ (1974). తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రమిది, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. స్కోపునకు బొమ్మను అడ్డముగా నొక్కి పట్టు ప్రత్యేకమగు లెన్సులు కావలెను. కొండలను, అడవులను, జనసమూహములను వెండితెర నిండుగా చూపవలసిన కథకు ఆ వ్యయము తగినది. కథ అడిగినది లెన్సు ఇయ్యవలెను గాని, లెన్సు ఉన్నదని కథను వంచరాదు.

ఊళ్ళకు పోవు చిత్రీకరణముతో అవుట్‌డోర్ యూనిట్ల వ్యాపారము పెరిగినది. వానులో కెమెరా, బ్లాకు లెన్సుల పెట్టె, ఒక జూమ్, ట్రాలీ, లైట్లు, పనివారు, అన్నియు కలిపి దినమున కింత అని అద్దె. స్టూడియో చేసిన పనినే యూనిటు చేసినది: పెట్టుబడి ఒకరిది, ప్రయోజనము అందరిది. లెన్సుతోపాటు దానిని ఎరిగిన అసిస్టెంటు కూడ వచ్చెడివాడు. ఏ జూమ్ ఏ అంకె వద్ద మెత్తబడునో, ఏది వేసవిలో బిగియునో వానికి తెలియును. కృష్ణా, గుంటూరు, నెల్లూరు జిల్లాలనుండి వచ్చి కోడంబాక్కము వీథులలో కాపురముండిన తెలుగు పనివారిలో ఇట్టి జ్ఞానము గలవారు అనేకులు. వారి విద్య పుస్తకములకెక్కలేదు. మదరాసులో 1945లోనే ఛాయాగ్రహణము నేర్పు ప్రభుత్వ విద్యాశాఖ ఒకటి సెంట్రల్ పాలిటెక్నిక్‌లో ఏర్పడినను, వీరు నేర్చినది ఫ్లోరుపైననే.

వీడియో యుగము

1975 ఆగస్టు 15న మదరాసు దూరదర్శన్ ప్రారంభమయ్యెను. టెలివిజను కెమెరాకు జూమ్ వేరుగా కొను వస్తువు కాదు. అది కెమెరాకు సహజాంగము. తరువాత పెళ్ళిళ్ళకు వచ్చిన వి.హెచ్.ఎస్. కెమెరాలందును జూమ్ ఒక మీటగా మారినది. ఒకనాడు దిగుమతి లైసెన్సుతో వచ్చిన వస్తువు పందిట్లో అందరి వ్రేళ్ళకిందికి వచ్చెను.

1980లలో, 1990లలో తెలుగు చిత్రనిర్మాణము చాలవరకు హైదరాబాదునకు తరలెను. విజయా–వాహినీ స్థలములో భాగము ఆసుపత్రి, కళ్యాణమండపములుగా మారి, 2013లో అచ్చట ఒక పెద్ద మాల్ కూడ తెరువబడినది. కాని కోడంబాక్కమున మిగిలినవారి సంతతి ఛాయాగ్రహణమును పూర్తిగా విడువలేదు. 2008లో వచ్చిన కెనాన్ 5డి మార్క్ 2 కెమెరా స్టిల్ కెమెరాతోనే సినిమా వంటి వీడియో తీయవచ్చునని చూపెను. అప్పటినుండి పెద్ద సెన్సారుకు తగిన, మోయదగిన, కొనదగిన జూమ్ కావలెనను కోరిక బలపడెను.

పెద్ద చిత్రములకు వాడు ఆంజన్యూ ఆప్టిమో 24–290 వంటిది సుమారు 11 కిలోల బరువు. దాని ఖరీదు పదుల లక్షలలోనిది. సామాన్యునికి అందునవి 2016 తరువాత వచ్చినవి. ఆ సంవత్సరమున సిగ్మా వారు 18–35, 50–100 లెన్సులను టి 2 వెలుతురుతో ప్రకటించిరి. కెనాన్ వారు మోటారుతో నడచు 18–80ను టి 4.4తో తెచ్చిరి. 2017లో ఫుజినాన్ ఎం.కె. 18–55 వచ్చెను: టి 2.9, బరువు 980 గ్రాములు, ఆరంభపు ధర సుమారు 3,800 డాలర్లు. అనగా ఆనాటి మారకమున పన్నులు గాక రెండున్నర లక్షల రూపాయలకు దగ్గర. దానికి తోడుగా 50–135 వచ్చెను. 2020లో చైనాకు చెందిన డి.జెడ్.ఓ. సంస్థ టి 2.8 గల 20–55, 50–125 లెన్సులను వెలువరించెను.

వీనిని పాత ఆంజన్యూతో పోల్చినచో ఒక విషయము స్పష్టమగును. పదిరెట్ల జూమ్‌కు బదులు ఇవి చాలవరకు రెండు మూడు రెట్ల జూమ్‌లు. విస్తారమును తగ్గించి ధరను, బరువును తగ్గించిరి. సెన్సారు పదునారు రెట్లు చురుకైనందున టి 2.9 మాత్రమే కాదు, టి 4.4 కూడ నేడు దోషము కాదు. 1960లలో జెనరేటరు కోరిన లెన్సు నేడు కిటికీ వెలుతురుతో తృప్తిపడును.

ఎన్నిక చేయు విధము

చెన్నపురిలో తెలుగు బోధించు నా యొద్దకు పూర్వ విద్యార్థులు కొందరు వత్తురు. తాతలు లైట్‌మెన్, తండ్రులు పెళ్ళి వీడియోలు తీయువారు. వీరు లఘుచిత్రములు, పెళ్ళి చిత్రములు తీయుచు, ఇంటి నగ తాకట్టు పెట్టి లెన్సు కొనుటకు సిద్ధపడువారు. అట్టివారికి పై చరిత్ర నుండి తేలిన సూత్రములను ఇట క్రోడీకరించుచున్నాను.

మొదటిది కొలత. సూపర్ 35 సెన్సారు వెడల్పు సుమారు 25 మిల్లీమీటర్లు. కావున 25 మిల్లీమీటర్ల లెన్సు 10 అడుగుల దూరమున సుమారు 10 అడుగుల వెడల్పును, 50 మిల్లీమీటర్లది 5 అడుగులను చూచును. 30 అడుగుల కళ్యాణవేదికను 18 మిల్లీమీటర్లతో నిండుగా చూపుటకు 22 అడుగుల దూరము చాలును. 15 అడుగుల నుండి 55 మిల్లీమీటర్లతో సుమారు 7 అడుగులు కనబడును. అనగా పీటలపై కూర్చున్న వధూవరులిద్దరు. కేవలము ముఖము కావలెనన్న 125 వరకు పోవలెను. తాను నిలుచు చోటును ముందు కొలిచి, పిమ్మట లెన్సును ఎన్నుకొనవలెను. పదిరెట్ల జూమ్ అందరికి అక్కరలేదని ఈ లెక్కయే చెప్పును.

రెండవది ద్వారము స్థిరముగా నుండుట. స్టిల్ కెమెరాలతో వచ్చు చవుక జూమ్ 3.5 వద్ద మొదలై 5.6 వద్ద ముగియును. జూమ్ చేయుచుండగా వెలుతురు రెండున్నర రెట్లు తగ్గిపోవును. దృశ్యము నడుమ బొమ్మ చీకటిపడుట వీడియోకు తగదు.

మూడవది ఫోకస్ నిలుచుట. జూమ్‌ను చివరివరకు దగ్గరకు తెచ్చి, ఒక అచ్చు కాగితముపై ఫోకస్ చేసి, మెల్లగా వెనుకకు రావలెను. అక్షరములు ఆద్యంతము స్పష్టముగా నున్నచో గాడి మంచిది. బొమ్మ నడిమి బిందువు ప్రక్కకు జరుగుచున్నదేమో కూడ చూడవలెను. అనేక స్టిల్ జూమ్‌లు ఈ పరీక్షలో తప్పును. సినిమా జూమ్‌కు ఎక్కువ ధర ఇచ్చుట దీనికొరకే. అయితే జూమ్‌ను దృశ్యము నడుమ కదల్పక, దృశ్యమునకు దృశ్యమునకు నడుమ మాత్రమే మార్చువానికి ఈ గుణముతో పనిలేదు. వానికి మంచి స్టిల్ జూమ్ చాలును; ఆ ధనము మిగులును.

నాలుగవది బిగింపు. ఆరి వారి పి.ఎల్. బిగింపునకు, సెన్సారునకు నడుమ దూరము 52 మిల్లీమీటర్లు, కెనాన్ ఇ.ఎఫ్.కు 44, సోనీ ఇ.కు 18. ఎక్కువ దూరమునకు చేసిన లెన్సును మధ్యతొడుగుతో తక్కువ దూరపు కెమెరాకు తగిలింపవచ్చును, ప్రతిగా కుదరదు. కెమెరా నాలుగేండ్లకు మారును, లెన్సు ఇరువదియేండ్లు ఉండును. కనుక రేపటి కెమెరాను కూడ తలచుకొని బిగింపును ఎన్నుకొనవలెను.

ఐదవది మన సముద్రతీరపు గాలి. చెన్నపురి తేమలో గాజుపై బూజు పట్టును. పాత లెన్సు కొనువారు చిన్న టార్చిని ఒకవైపు వెలిగించి రెండవవైపునుండి చూడవలెను. సాలెగూటి వంటి పోగులు కనబడినచో ఎంత చవుకయైనను విడువవలెను. కొన్నదానిని తోలుసంచిలో మూసియుంచక, తేమ పీల్చు సిలికా జెల్‌తో గాలి చొరని పెట్టెలో ఉంచవలెను.

కొనుటయా, అద్దెకు తెచ్చుటయా?

చివరిదియు ముఖ్యమైనదియు ఇది. రెండున్నర లక్షల లెన్సు దినమునకు 2,500 రూపాయలకు అద్దెకు దొరకుననుకొందము. నూరు దినముల పనికి కొన్న ఖరీదు తీరును. వడ్డీ కలిపినచో ఇంకను ఎక్కువ. పెళ్ళి చిత్రములు తీయువానికి సంవత్సరమున పని ముహూర్త దినములలోనే. చెన్నపురిలో తెలుగువారి ఆషాఢము ముగియకముందే తమిళుల ఆడి మాసము మొదలగును. ఇద్దరి ఇండ్లలోను పనిచేయువానికి ఒకటి రెండు నెలలు పని తగ్గును. ధనుర్మాసమున ఇద్దరికిని పెళ్ళిళ్ళు లేవు. లెన్సు పెట్టెలో నిదురించును. వాయిదా మాత్రము నిదురింపదు. సంవత్సరమునకు ముప్పది దినములే ఆ లెన్సుతో పని కలవాడు మూడేండ్లకు పైగా అప్పు మోయవలసియుండును. ఎనుబది, తొంబది దినములు కలవాడు ధైర్యముగా కొనవచ్చును. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక జూమ్‌ను ఉమ్మడిగా కొని, తమ దినములను పంచుకొనుట అన్నిటికంటె శ్రేయస్కరము. స్టూడియోలును యూనిట్లును చూపిన దారి అదియే గదా!

ఉపసంహారము

వెంకయ్యగారు తాకట్టు పెట్టి యంత్రము తెచ్చిరి. స్టూడియోలు యంత్రమును అందరికి పంచినవి. యూనిట్లు దానిని ఊరూరికి చేర్చినవి. నేడు యంత్రము మరల ఒక్కొక్కని ఇంటికి, ఒక్కొక్కని అప్పునకు వచ్చి చేరినది. ధర తగ్గుట సంతోషమే. కాని పంచుకొను అలవాటు, లెన్సుతో కూడ వచ్చు అసిస్టెంటు జ్ఞానము తగ్గుట నష్టము. ఆ జ్ఞానము గల వృద్ధులు కోడంబాక్కము, వడపళని, సాలిగ్రామము వీథులలో ఇంకను కలరు. వారి మనుమలకు తెలుగు మాటాడ వచ్చును గాని చదువ రానివారు పెక్కురు. కావున వారు చెప్పగా వ్రాసికొనువారు కావలెను. తెలుగు సంఘములు సంవత్సరమునకు ఒకమారైనను ఇట్టి పనివారిని పిలిచి, యువకుల ముందు ఒక జూమ్ లెన్సును బల్లపై పెట్టి పరీక్షించు విధమును చూపించినచో, చరిత్రయు నిలుచును, ఒకటి రెండు కుటుంబముల నగలును తాకట్టునకు పోకుండ నిలుచును.